వంకర కమాను మేస్త్రీ

ఆ వంతెన మీదికి మొదటిసారి బండి తోలుకొచ్చిన ప్రతి డ్రైవరూ నట్టనడుమకు రాగానే ఒక బూతుమాట అంటాడు. అంతదాకా గీత గీసినట్టు తిన్నగా వచ్చిన ఇటుకల వంతెన, ఏడో కమాను దగ్గర ఉన్నట్టుండి ఎడమకు తిరుగుతుంది. నాలుగు బారలు పోయాక, ఏమీ జరగనట్టు మళ్ళీ సర్దుకుని అవతలి ఒడ్డుకు పోతుంది. ఆ బూతుమాట పడినప్పుడల్లా పిన్ని పని ఆపి, తల పైకెత్తి, "మీ తాత కట్టాడా?" అని అడిగేది. డ్రైవరుకు వినపడదు. ఆమె ఉండేది కమాను కింద, తాళ్ళకు వేలాడే బల్ల మీద, చేతిలో తాపీతో. వినపడాలని అడిగేదీ కాదు. అడక్కపోతే తోచదు, అంతే.

ఆమెను మొండి పిన్ని అంటారు. తాపీపని జట్టులో అందరికీ ఆమె పిన్నే, ఆమెకన్నా పెద్దవాళ్ళకు కూడా. ఆమె మొగుడు కాబట్టి ఆయన బాబాయి అయ్యాడు. ఆయనా తాపీ పట్టినవాడే. కాకపోతే ఆయనది అవతలి ఒడ్డు, ఈమెది ఇవతలి ఒడ్డు. ఈ ముక్క తెలిస్తే వాళ్ళ సంసారం సగం తెలిసినట్టే. మిగతా సగం తెలియాలంటే వంతెన ఎందుకు వంకరపోయిందో చెప్పుకోవాలి.

ఆ చుట్టుపక్కల రాయి దొరకదు. ఉన్నదల్లా బంకమట్టి. అందుకే స్తంభాల నుంచి పిట్టగోడ దాకా వంతెన మొత్తం ఇటుకతోనే లేపారు. ఇవతలి మట్టి కాలిస్తే ఎర్రగా వస్తుంది, అవతలి మట్టి కాలిస్తే పాలిపోయిన పసుపు. పని తొందరగా తేలాలని రెండు ఒడ్ల నుంచీ రెండు జట్లు ఒకేసారి మొదలుపెట్టాయి. ఎవరి బట్టీ వాళ్ళది, ఎవరి సున్నపు గానుగ వాళ్ళది, ఎవరి మేస్త్రీ వాళ్ళవాడు. ఏటి నడుమ కలవాలి. తీరా దగ్గరకొచ్చి చూస్తే, ఎదురింటి తలుపనుకుని పక్కింటి తలుపు కొట్టినట్టయింది. ఇవతలి స్తంభానికి ఎదురుగా అవతలి స్తంభం లేదు. పక్కకుంది.

తప్పు ఎవరిదన్నదానికి రెండు కథలున్నాయి. అవతలివాళ్ళ కథ ప్రకారం, ఇవతలి జట్టు రోజూ పొద్దున్నే అవతలి ఒడ్డున ఉన్న ఇటుకబట్టీ పొగగొట్టాన్ని గురిగా పెట్టుకుని దారం లాగేది. వంతెనకే ఇటుకలు చాలక బట్టీవాడు ఆ వానాకాలంలో పాత గొట్టం పడగొట్టి, కాస్త పక్కగా ఇంకో పెద్ద గొట్టం లేపాడు. వరద తీశాక పనిలోకి దిగినవాళ్ళు, గొట్టం గొట్టమే కదా అని కొత్తదానికి గురిపెట్టి కట్టుకుంటూ పోయారు. ఇవతలివాళ్ళు ఇదంతా కట్టుకథ అంటారు. వాళ్ళ లెక్కలో, తడిస్తే కుంచించుకుపోయే తాడు తడిసిందో ఎండిందో చూసుకోకుండా కొలతలు పెట్టింది అవతలివాళ్ళు. పక్కకు పోయిందీ వాళ్ళే.

ఎవరూ ఒప్పుకోలేదు. కట్టింది కూలగొట్టుకోవడానికీ ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి ఇద్దరు మేస్త్రీలూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే ఆ ఎడాన్ని ఏటవాలు కమానుతో కలిపారు. మామూలు కమాను కిందికి పోయి తలెత్తితే ఇటుక వరుసలు చాపలో పుల్లల్లా తిన్నగా కనపడతాయి. ఏడో కమాను కింద అవి మెలిపెట్టిన తాడులా తిరుగుతాయి. అక్కడ ఏ ఇటుకా ఇంకో ఇటుకలా ఉండదు. ప్రతిదాన్నీ రాతి మీద అరగదీసి, దాని మూలను దాని చోటికి తగ్గట్టు తెచ్చి పెట్టారు. ఎర్రది ఒకటి, పసుపుది ఒకటి. మిగతా కమానులు కట్టడానికి చెయ్యుంటే చాలు, దీనికి పంతం కావాలి అని పిన్ని తండ్రి చెబుతుండేవాడు.

ఆ పని ముగిశాక రెండు జట్లూ ఒకటయ్యాయి. అప్పుడే ఒక కట్టుబాటు పెట్టుకున్నాయి. ఇకమీదట ఏ పనికైనా మేస్త్రీ ఒక్కరే. పెట్టేదయినా పీకేదయినా మొదటి ఇటుక మీద మేస్త్రీ చెయ్యి పడాలి. అది పడేదాకా జట్టులో ఎవరూ పనిముట్టు ఎత్తకూడదు. రేపు తేడా వస్తే అది ఎవరిదా అని మళ్ళీ వెతుక్కోకూడదు కదా. ఇక మేస్త్రీ తన తాపీని తన చేత్తో ఇంకొకరి చేతిలో పెడితేనే కొత్త మేస్త్రీ అయినట్టు. లాక్కున్నా చెల్లదు, దొరికినా చెల్లదు.

పిన్ని ఈ కట్టుబాటు వింటూ పెరిగింది. అందరు ఆడవాళ్ళలాగే మొదట నెత్తిన ఇటుకలు మోసింది. మోసేది ఆడవాళ్ళు, పేర్చేది మగవాళ్ళు. ఎవరు రాసిపెట్టారో ఎవరికీ తెలియదు గానీ అందరూ అలాగే నడిచారు. ఆమె తండ్రికి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవని కాలంలో, సున్నం అందించడానికని ఆమె కమాను కింది బల్ల ఎక్కింది. అందిస్తూ అందిస్తూ ఒకరోజు తాపీ తీసుకుని ఆయన చెయ్యి అందని సందులు తనే నింపింది. ఆడది బల్లెక్కడం ఏమిటని జట్టులో గొణిగారు. తండ్రి కిందినుంచే, పెట్టింది ఎవరో ఇటుక అడుగుతుందట్రా అన్నాడు. ఆ మాటతో గొణుగుడు ఆగలేదు కానీ పిన్ని దిగలేదు. పాడైన ఇటుకను పీకి, దానికి సరిపడే ఇటుకను మూడు మూలలా అరగదీసి, అలికిడి లేకుండా దాని గూట్లో కూర్చోబెట్టడం ఆ మెలికల కమాను దగ్గరే నేర్చుకుంది. అప్పటినుంచి ఏడో కమాను ఆమె సొంతిల్లయింది.

అక్కడ పనిచేస్తుండగానే అవతలి ఒడ్డు కుర్రాడొకడు పసుపు ఇటుకలు తెచ్చి ఇచ్చేవాడు. అవసరమున్నా లేకపోయినా తెచ్చేవాడు. అతనితోనే పెళ్ళయి గడపలో అడుగు పెట్టగానే అత్తగారు అడిగిన మొదటి మాట: "దారి చూసుకుని వచ్చావా అమ్మాయ్, పొగగొట్టం చూసుకుని వచ్చావా?"

"తాడు తడిసింది అత్తయ్యా. అందుకే పక్కకొచ్చి మీ ఇంట్లో పడ్డాను," అంది పిన్ని.

అత్తగారు ఆ రోజంతా మాట్లాడలేదు. మర్నాటి నుంచి కోడలికి అన్నం తనే కొసరి కొసరి వడ్డించింది. ఎదురు చెప్పేవాళ్ళంటే ఆవిడకు ఇష్టమని తర్వాత తెలిసింది. వాళ్ళ ఇల్లు రెండు గదులు. నడిమి గోడను పిన్ని ఒక కొసనుంచి, బాబాయి ఇంకో కొసనుంచి కట్టారు. కలిసేచోట వరుసలు వేలెడు ఎగుడుదిగుడుగా వచ్చాయి. ఆ రోజు ఎంత వాదించుకున్నా తేలలేదు. చివరికి అక్కడ గూడు తవ్వి దువ్వెనా అద్దమూ పెట్టుకున్నారు. తల దువ్వుకునేటప్పుడల్లా ఒకరు "మీవాళ్ళ చూపే అంత" అనడం, ఇంకొకరు "మీ తాడే అంత" అనడం. వాళ్ళకది పొద్దున కాఫీతో సమానం.

పిన్నికి ఒకే ఒక్క కోరిక ఉండేది. మేస్త్రీ అనిపించుకోవాలి. చాలా ఏళ్ళుగా పని నడిపిస్తున్నది ఆమే. ముసలి మేస్త్రీకి చూపు తగ్గిపోయి, దారం ఎటు లాగాలో ఆమే చెప్పేది. ఆయన తలూపేవాడు, మేస్త్రీ చెప్పాడని అందరూ చేసేవాళ్ళు. తాపీ మాత్రం ఆయన నడుముకే ఉండేది. ఆమె నోరు విడిచి అడగలేదు. అడిగి తీసుకుంటే అది ఇచ్చినట్టు కాదని ఆమె పట్టు. మనసులో మాత్రం ఆ తాపీ పిడి ఎంత అరిగిందో, ఎక్కడ పగిలిందో అన్నీ ఆమెకు తెలుసు.

అలాంటి రోజుల్లో కొత్త కాంట్రాక్టరు వచ్చాడు. వంతెన మరమ్మతు పని తనకే వచ్చిందన్నాడు. జట్టుకు చేతినిండా పని, పిట్టగోడలు, స్తంభాలు, అన్నీ. అయితే ముందు ఏడో కమాను తీసెయ్యాలి. వంకర తీసి, అక్కడ తిన్నటి కాంక్రీటు దూలాలు పరిచి, బస్సులు ఆగకుండా పోయేలా చేస్తారు. ఏరు ఇంకా కాళ్ళ లోతే ఉంది కాబట్టి వరద రాకముందే కూల్చాలి. ముసలి మేస్త్రీకి చూపులేదు. ఆ కమాను సంగతి తెలిసింది పిన్నికొక్కదానికే. కాంట్రాక్టరు ముసలాయన దగ్గరకు పోయి, తాపీ ఆవిడకు ఇచ్చెయ్యమన్నాడు. బయటికొచ్చి తన మనుషులతో, ఆడమనిషి కదా, చెప్పినట్టు వింటుంది అన్నాడట. ఆ మాట సాయంత్రానికి రెండు ఒడ్లకూ చేరింది. విని బాబాయి ఎంతసేపు నవ్వాడో చెప్పలేం. పాపం, ఆయనకు పెళ్ళయిన నాటి నుంచి అలాంటి ఆడమనిషి కోసమే ఎదురుచూపు.

ముసలి మేస్త్రీ తన ఇంటి వసారాలో నులకమంచం మీద కూర్చుని, అందరి ముందూ తాపీని పిన్ని చేతిలో పెట్టాడు. "ఎప్పుడో ఇవ్వాల్సిందమ్మా," అన్నాడు. పిన్ని తాపీ నడుముకు దోపుకుంది. జీవితమంతా కోరుకున్నది దొరికిన మనిషి మొహంలా లేదు ఆమె మొహం. పంటి నొప్పి దాచుకుంటున్న మనిషిలా ఉంది.

ఇంటికొచ్చాక బాబాయి కంచం ముందు కూర్చుని, కమాను కొడతావా అని అడిగాడు. ఆమె అన్నం వడ్డించింది. ఆయన మళ్ళీ అడిగాడు. కలుపుకుని తినమంది. ఆయనకు అర్థమయింది ఒక్కటే, ఇప్పుడు ఇంకో మాట మాట్లాడితే కంచం ఎగురుతుంది. మేస్త్రీ కావాలంటే కమానును కొట్టాలి. కొట్టనంటే తాపీ వాపసు ఇచ్చెయ్యాలి, అప్పుడు కాంట్రాక్టరు చెప్పినవాడెవడో దాన్ని అందుకుని కొడతాడు. ఎటు చూసినా కమాను దక్కదు. పిన్ని ఆ పూట గిన్నెలు తోమిన తీరు చూస్తే, వాటికి సొట్టలు పడలేదంటే వాటి అదృష్టం.

పొద్దున్నే బస్సులు ఆపేశారు. వంతెన మీద నడిచిపోయే జనం మాత్రం పోకుండా నిలబడ్డారు. జట్టు మొత్తం సుత్తులూ గడ్డపారలూ పట్టుకుని పిట్టగోడ వెంబడి వరసగా నిలుచుంది. ముక్కాలిపీట మీద కొలత యంత్రం పెట్టుకుని కుర్ర ఇంజనీరు ఒక పక్క ఉన్నాడు. కాంట్రాక్టరు చేతులు రుద్దుకుంటున్నాడు. పిన్ని వచ్చింది. ఏడో కమాను పిట్టగోడ మీద ఉలి ఆనించింది. సుత్తి ఎత్తింది. అందరూ చూస్తున్నారు. ఆమె ఉలి ఆనించిన ఇటుక ఎర్రది, తన చేత్తో తనే అరగదీసి పెట్టింది. దాని మూల మీద బొటనవేలితో నొక్కిన సున్నపు గుర్తు ఇంకా ఉంది.

సుత్తి దించింది. ఉలి సంచిలో పడేసింది. పిట్టగోడ ఎక్కి, కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది.

కాంట్రాక్టరు ఏమయిందమ్మా అన్నాడు. ఏమీ కాలేదు, మేస్త్రీని కదా, కూర్చున్నాను అంది. ఆయన జట్టు వైపు తిరిగి, మొదలుపెట్టండ్రా అన్నాడు. ఒక్కరూ కదల్లేదు. మొదటి ఇటుక ఆమె తీయాలండీ అని ఎవరో మెల్లగా చెప్పారు. కాంట్రాక్టరుకు అప్పుడు తెలిసింది ఆ కట్టుబాటు. అప్పటిదాకా తాపీ అంటే తాపీయే అనుకున్నాడు పాపం. ఒంటికాలి మీద లేచాడు. నిన్ను మేస్త్రీని చేసింది నేను, నా మీదే తిరగబడతావా అన్నాడు. చేసింది మీరు కాదు, ఇచ్చింది ముసలాయన అంది పిన్ని. అయితే తాపీ తిరిగి ఇచ్చెయ్ అన్నాడు. ఇవ్వను అంది.

ఇంజనీరు మంచివాడు. ఆమె పక్కకొచ్చి నిలబడి, కోపం లేకుండా మాట్లాడాడు. ఈ మలుపులో ఎదురెదురుగా రెండు బస్సులు పట్టవు. మొన్నీమధ్య ఒక బస్సు గోడకు రాసుకుంటే కిటికీ పక్కన కూర్చున్నావిడ చెయ్యి విరిగింది. ఆ గోడ మళ్ళీ కట్టింది మీరే కదా, మీకు తెలుసు. పిన్ని తలూపింది. ఆ ఇటుకల మీద ఉన్న గాజు పెంకులు ఏరింది కూడా తనే. బస్సులు మెల్లగా పోతే సరిపోతుంది కదా అంది. ఆ మాటలో పస లేదని ఆమెకే తెలుసు. మెల్లగా పొమ్మని బోర్డు పెట్టి చాలా కాలమయింది.

ఆ మాట పనిచేయలేదని ఇంజనీరు ఇంకోటి అందుకున్నాడు. అది చెప్పాలా వద్దా అని ఆయన కాసేపు తటపటాయించినట్టే ఉంది.

"ఒక సంగతి చెప్తాను, ఏమనుకోకండి. నేను రెండు వైపులా కొలిచాను. అవతలి పొలంలో పాత పొగగొట్టం పునాది ఇంకా ఉంది. మీవాళ్ళు మొదలుపెట్టిన గీత తిన్నగా దానికే పోతుంది. నాలుగో స్తంభం దగ్గర, కంటికి ఆననంత కొద్దిగా పక్కకు తిరిగింది. అవతలివాళ్ళ సగంలో వెంట్రుకవాసి తేడా లేదు. ఆ కథ నిజమేనండీ. తప్పు మీ ఒడ్డువాళ్ళదే. పెద్దవాళ్ళు చేసిన పొరపాటు కోసం మీరు ఇంత పట్టు పట్టడం ఎందుకు?"

జట్టులో అవతలి ఒడ్డువాళ్ళు సగం మంది. పుట్టినప్పటినుంచి ఆ మాట కోసం కాచుకుని ఉన్నవాళ్ళు. తీరా వచ్చేసరికి ఒక్కరూ నవ్వలేదు. అందరూ బాబాయి వైపు చూశారు. బాబాయి తన చెప్పు కొనవైపు చూసుకుంటున్నాడు.

పిన్నికి తండ్రి గుర్తొచ్చాడు. వియ్యాలవారింట్లో ఎవరైనా పొగగొట్టం ఊసెత్తితే చెయ్యి కడుక్కుని లేచిపోయేవాడు ఆయన. ఆయనకు తెలుసా? తెలిసే అంత కోపమా? కిందికి చూసింది. ఏరు సన్నగా, తీరిగ్గా కమాను కిందినుంచి పోతోంది. మొహం ఎర్రబడింది. రెండుసార్లు దగ్గింది.

"సరే. తప్పు మాదే," అంది.

ఆమె నోటివెంట ఆ మాట రావడం ఎవరూ ఎప్పుడూ వినలేదు. కాంట్రాక్టరు ఊపిరి పీల్చుకుని, హమ్మయ్య, ఇంక కొట్టమ్మా అన్నాడు.

"ఆగండి, నా మాట ఇంకా అయిపోలేదు. మేస్త్రీ ఎందుకు పెట్టుకున్నారో తెలుసా మీకు? తప్పు ఎవరిదో తేలాలని. ఎవరి తప్పయితే దానికి వాళ్ళే జవాబు చెప్పాలని. ఇన్నాళ్ళూ ఇది సగం మాది, సగం వీళ్ళది అనుకుంటూ వచ్చాం. మొత్తం మాదేనని ఈ బాబు యంత్రం పెట్టి మరీ తేల్చాడు. మాదయితే దీన్ని ఉంచాలా తియ్యాలా చెప్పాల్సింది కూడా మేమే. ఉంచుతున్నాం. మావాళ్ళు దారి తప్పారు, నిజమే. తప్పాక ఏం కట్టారో కిందికి దిగి చూడండి. తిన్నగా పోయినవాళ్ళు ఎవరైనా అలాంటిది కట్టారా?"

చివరి మాట అవతలి ఒడ్డువాళ్ళకు తగలాలనే అంది. తగిలింది కూడా. అయినా వాళ్ళలో ఒకడు ముందు సుత్తి కింద పెట్టాడు. తర్వాత ఇంకొకడు.

కాంట్రాక్టరుకు ఇంక దారి లేక బాబాయిని పక్కకు పిలిచాడు. పక్కకంటే పెద్ద పక్కకేమీ కాదు, అందరికీ వినపడింది. నువ్వయినా చెప్పవయ్యా, ఆ తాపీ నువ్వు తీసుకో, నిన్ను మేస్త్రీని చేస్తాను, మీ ఒడ్డు గెలిచింది కదా అన్నాడు. బాబాయి తల గోక్కున్నాడు.

"అయ్యా, పెళ్ళయిన నాటి నుంచి ఆ ఒక్క మాట ఒప్పుకోమని అడుగుతున్నాను. ఇవాళ ఒప్పుకుంది. ఒకే రోజు రెండు అడిగితే ఇంటికెళ్ళాక అన్నం ఉండదు. మీరే అడుక్కోండి," అని, తన సుత్తి తీసుకెళ్ళి మిగతావాటి పక్కన పెట్టి, పిన్నికి కాస్త ఎడంగా అదే పిట్టగోడ మీద కూర్చున్నాడు. పక్కనే కూర్చుంటే ఆమె పక్షమైపోయినట్టు ఉంటుంది కదా.

ఆ రోజు సుత్తి లేవలేదు. మర్నాడూ లేవలేదు. కాంట్రాక్టరు బయటి ఊరి జట్టును పిలిపించాడు. వాళ్ళూ తాపీవాళ్ళే. వచ్చారు, కమాను కిందికి దిగి చూశారు, చాలాసేపు చూశారు. పైకొచ్చి, ఇక్కడి మేస్త్రీ ఎవరని అడిగారు. పిట్టగోడ మీద కూర్చున్నావిడను చూపిస్తే, ఆవిడ చెయ్యి పడకుండా మేం ముట్టుకోమని చెప్పి వచ్చిన లారీలోనే వెళ్ళిపోయారు. ఇలా పంచాయితీలు సాగుతుండగానే పైన వానలు పడి ఏటికి నీళ్ళొచ్చాయి. ఇంక ఆ ఏడాది కూల్చడం కుదరదు. బస్సులు ఎంతకాలం ఆపుతారు? ఇంజనీరే ఆలోచించి వంతెనకు రెండు కొసల్లోనూ ఎర్ర దీపం, పచ్చ దీపం పెట్టించాడు. ఒకసారి ఇవతలినుంచి, ఒకసారి అవతలినుంచి, ఒక్కో వైపే వదులుతారు. తాత్కాలికమని కాగితంలో రాశారు. ఆ తాత్కాలికం ఇప్పటికీ నడుస్తోంది. గోడకు మళ్ళీ బస్సు రాసుకోలేదు.

పిన్నికి మాత్రం ఏదీ ఊరికే పోలేదు. ఆ కాంట్రాక్టరు మళ్ళీ ఆమెను పిలవలేదు, ఆయన చెప్పినవాళ్ళెవరూ పిలవలేదు. వంతెన మీద పని ఆమెకు దక్కలేదు. జట్టులో కొందరు వేరే ఊళ్ళ పనులకు పోయారు, పోతూ ఆమెను తిట్టుకున్నారు కూడా. ఆ తిట్లు న్యాయమేనని ఆమె ఒప్పుకుంటుంది. ప్రహరీగోడలు, రొట్టెల దుకాణం పొయ్యిలు, కూలిన మెట్లు, దొరికింది చేసుకుంటూ వచ్చింది. మేస్త్రీగా పెద్ద పని ఒక్కటీ కట్టలేదు. ఏ ఇటుకా పెట్టకుండా, ఏ ఇటుకా తియ్యకుండా పేరు తెచ్చుకున్న మేస్త్రీ ఆ తాలూకాలోనే ఆమె ఒక్కతే అని బాబాయి వెక్కిరిస్తాడు. మొండి పిన్ని అన్న పేరు పోయింది. వంకర మేస్త్రీ అంటారు ఇప్పుడు. పిలిస్తే పలుకుతుంది.

తాపీ ఇంట్లో నడిమి గోడ గూట్లో, దువ్వెన పక్కన ఉంటుంది. రెండేళ్ళకోసారి ఎవరో ఒకరు బూట్లు వేసుకుని వచ్చి, గడప బయట నిలబడి, పెద్దవారయ్యారు కదా, ఇంక ఎవరికైనా ఇచ్చెయ్యకూడదా అని మర్యాదగా అడుగుతారు. కూర్చోమంటుంది. కాఫీ ఇస్తుంది. తాపీ ఇవ్వదు. జట్టులో ఒక అమ్మాయి మీద ఆమె కన్నుంది. కూలి లేకపోయినా ఏడో కమాను కింద సందులు నింపడం నేర్చుకుంటోంది ఆ పిల్ల. ఇంకా చేతిలో తొందర ఉంది, నోట్లో మాత్రం కావలసినంత మొండితనం ఉంది అంటుంది పిన్ని. ఇచ్చేది ఎప్పుడో చెప్పదు.

మొన్న సంతకు పోతూ ఇద్దరూ వంతెన దగ్గరకొచ్చేసరికి ఎర్ర దీపం పడింది. నడిచేవాళ్ళకు దీపంతో పనిలేదు, పోవచ్చు. కానీ బాబాయికి మోకాళ్ళ నొప్పులు. దీపం ఆయనకు మంచి సాకు. పిట్టగోడకు ఆనుకుని నిలబడ్డాడు. అవతలినుంచి బస్సులు ఒక్కొక్కటే వచ్చి, నడుమ మెల్లగా తిరిగి, పోతున్నాయి.

"చూడు, మీవాళ్ళు చేసిన పనికి ముసలితనంలో నేనిక్కడ నిలబడాల్సి వచ్చింది," అన్నాడు.

"నిలబడు," అంది పిన్ని. "అది కూడా ఇన్నాళ్ళుగా అలాగే నిలబడి ఉంది. నీలా సణగడం లేదు."